కట్ట నుంచి కడలి దాకా

*యాసంగిలో నెర్రెలు బారిన మడి, కార్తీకం వచ్చేసరికి మునిగిపోయింది. జనగామ జిల్లా జఫర్‌గఢ్ చెరువు కట్ట మీద మొదలైన ఈ కథ, కృష్ణా సముద్రంలో కలిసే హంసలదీవి ఇసుక తిన్నెల దగ్గర గానీ పూర్తి కాదు. రేపటి నీళ్ల లెక్క ఎవరు వేయాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?*

రోడ్డు మీద వడ్లు. వడ్ల మీద టార్పాలిన్. టార్పాలిన్ మీద మడుగు కట్టిన వాన. తువ్వాల నెత్తికి చుట్టుకున్న ఓ పెద్దమనిషి కవరు కొసను రెండు చేతులా పట్టి గుంజుతుంటే ఆ నీళ్లు ఇటు నుంచి అటు పొర్లుతున్నాయే తప్ప కిందికి పోవడం లేదు. కుప్ప అంచు అప్పటికే తడిసింది. ఇంకో రెండు దినాలు ఇట్లనే ముసురు పడితే వడ్లు మొలకెత్తుతాయి. మొలకొచ్చిన వడ్లకు ఐకేపీ కొనుగోలు సెంటర్‌లో కాంటా పెట్టరు. ఆయన భార్య చీపురుతో నీళ్లను పక్కకు ఊడుస్తోంది. ఊడ్చిన చోటికే మళ్లీ వస్తున్నాయి. రోడ్డుకు అవతల చెరువు మత్తడి దుంకుతోంది. ఆ హోరులో ఒకరి మాట ఒకరికి వినపడడం లేదు.

2025 అక్టోబరు 29 పొద్దున జఫర్‌గఢ్ నుంచి డోర్నకల్ దాకా ఏ ఊరి రోడ్డు మీద నిలబడినా ఇంచుమించు ఇదే కనిపించింది. ముందు రోజు రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. తీరానికి ఆ ఊళ్లు నూట యాభై కిలోమీటర్లకు పైనే దూరం. తుపాను వార్తలు టీవీలో చూసి, కోస్తా వాళ్ల గతి ఏమిటో అనుకుని పడుకున్నవాళ్లు తెల్లారి లేచేసరికి వాకిట్లో నీళ్లు. వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి. డోర్నకల్ స్టేషన్‌లో పట్టాలు కనిపించలేదు. సముద్రం మొహం ఎరగని ఊళ్లకు ఆ రాత్రి సముద్రమే వచ్చి పోయింది.

ఒకే మడి, రెండు ఏడుపులు

అదే మడి దగ్గరికి ఓ ఏడెనిమిది నెలలు వెనక్కి పోదాం. యాసంగి వరి పొట్టకొచ్చింది. బోరు అరగంట పోసి ఆగిపోతోంది. మోటారు దగ్గర కూర్చున్న మనిషి చూపు కాలువ మీద ఉంది. గోదావరి నుంచి ఎత్తిపోసే దేవాదుల నీళ్లు ఎప్పుడు వదులుతారన్నదే హోటల్ బెంచీ మీదా, బస్టాండ్‌లోనూ మాట. 2024 యాసంగిలోనూ 2025 యాసంగిలోనూ జనగామ పల్లెల్లో వరి ఎండిపోవడం, ఇక గింజ పట్టదని తెలిసి రైతులే గొర్లను మడిలోకి తోలడం అందరం చూశాం.

మడి అదే, మనిషి అతనే. మొదటిసారి నీళ్లు రాలేదని ఏడ్చాడు, రెండోసారి వచ్చాయని ఏడ్చాడు. ఎండాకాలంలో మనం దేవాదుల గురించి మాట్లాడుకుంటాం. వానాకాలంలో వరద గురించి మాట్లాడుకుంటాం. ఈ రెండు ముచ్చట్లను ఒక్క చోట కూర్చోబెట్టి మాట్లాడడమే మానేశాం. మాట్లాడి ఉంటే, రోడ్డవతల మత్తడి దుంకి పోతున్న నీళ్లే మార్చిలో లేని నీళ్లని కట్ట మీద నిలబడ్డ ఎవరికైనా తోచేది.

గోదావరి తాగి కృష్ణలోకి

జఫర్‌గఢ్ కోట గుట్ట మీద నిలబడి చుట్టూ చూస్తే పెద్ద నది ఒక్కటీ కనిపించదు. బండలు, తాటిచెట్లు, నడుమ నడుమ అద్దం ముక్కల్లా కుంటలు. ఈ నేలకు గోదావరి అందదు, కృష్ణా అందదు. కానీ ఈ నేల రెండింటికీ చుట్టమే.

ఈ చుట్టుపక్కల కురిసిన వాన చాలావరకు ఆకేరు వాగు దారి పడుతుంది. ఆకేరు వర్ధన్నపేట మీదుగా, మహబూబాబాద్ జిల్లా పల్లెలను ఒరుసుకుంటూ పోయి ఖమ్మానికి ఎగువన తీర్థాల దగ్గర మున్నేరులో కలుస్తుంది. ఆ సంగమం ఒడ్డున సంగమేశ్వరుడి గుడి ఉంది, శివరాత్రికి జాతర జరుగుతుంది. పాకాల చెరువు దిక్కు నుంచి వచ్చిన మున్నేరు, ఆకేరును తోడు తీసుకుని, ఖమ్మం దాటి ఆంధ్రప్రదేశ్‌లోకి దిగి, ప్రకాశం బ్యారేజీకి పైన కృష్ణలో పడుతుంది. అక్కడి నుంచి దివిసీమ, ఆ తర్వాత సముద్రం.

జఫర్‌గఢ్‌కు కాలువలో రావాల్సిన నీళ్లు మాత్రం గోదావరివి. ములుగు జిల్లా గంగారం దగ్గర గోదావరిని తోడి, గుట్టలకు సొరంగాలు తొలిచి, మెట్టుమెట్టుగా ఎక్కించి తెచ్చేదే జె.చొక్కారావు దేవాదుల ఎత్తిపోతల పథకం. పునాదిరాయి పడి ఇరవై ఏళ్లు దాటింది. మూడో దశలో రామప్ప నుంచి ధర్మసాగర్ దిక్కుకు దాదాపు 49 కిలోమీటర్ల సొరంగం ఉంది. దాని చివర దేవన్నపేట పంప్‌హౌస్‌లో తొలి మోటారు తిరిగింది 2025 మార్చిలో. జఫర్‌గఢ్ మండలంలోని ఉప్పుగల్లు దగ్గర తలపెట్టిన రిజర్వాయర్ కూడా ఈ మూడో దశదే. ఊరి పేరులో ఉప్పుంది, ఎదురుచూపు మాత్రం మంచినీళ్ల కోసం.

అంటే ఈ ఊరు గోదావరిని తాగి, మిగిలింది కృష్ణకు ఇచ్చే ఊరు. ఇక్కడ తూము ఎప్పుడు ఎత్తారు, మత్తడి ఎంత దుంకింది, బోరు ఎంత లోతుకు పోయింది అన్నవి ఈ ఊరి గొడవగానే మిగిలిపోవు. కిందనున్న ఖమ్మం బస్తీవాడికీ, ఇంకా కింద దివిసీమలోని నాగాయలంక రైతుకూ వాటితో పని ఉంది. వాళ్లకు ఆ సంగతి తెలియదు, మనకూ తెలియదు.

> ఎనిమిది చార్మినార్ల ఎత్తు
>
> దేవాదుల పథకం గోదావరి నీటిని 71 మీటర్ల మట్టం నుంచి చిట్టచివర 540 మీటర్ల మట్టం దాకా ఎక్కించేలా రూపొందింది. అంటే 469 మీటర్ల ఎత్తు. చార్మినార్లు ఎనిమిది ఒకదాని మీద ఒకటి పేర్చినా ఇంకా కొంచెం తక్కువే పడుతుంది.
>
> వెయ్యి లీటర్ల నీళ్లను అంత ఎత్తుకు లేపాలంటే, మోటారులో ఏ నష్టమూ లేదనుకున్నా, దాదాపు 1.3 యూనిట్ల కరెంటు కావాలి. నష్టాలు కలిపితే ఇంకా ఎక్కువ. జఫర్‌గఢ్ అంత ఎత్తున లేదు కాబట్టి ఇక్కడికి ఖర్చు తగ్గుతుంది. అయినా ఒక టీఎంసీ అంటే దాదాపు 2,832 కోట్ల లీటర్లు. ఊరి చెరువులో పడిన వానకు మాత్రం ఒక్క యూనిట్ కూడా ఖర్చు లేదు.

తైబందీ: ముందు కొలత, తర్వాత నారు

ఈ నేలకు నీళ్ల ప్లానింగ్ కొత్త విద్యేమీ కాదు. పెద్ద నది లేని చోట కాకతీయులు చెరువునే నదిగా మలిచారు. రామప్ప, పాకాల, లక్నవరం పేర్లు అందరికీ తెలుసు. అసలు పనితనం మాత్రం పేరు లేని వేల కుంటల్లో ఉంది. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు, అదీ నిండితే ఆ కిందిదానికి. గొలుసులో ఏ చెరువూ ఒంటరి కాదు. రామప్ప గుడి శాసనం 1213 నాటిది. ఇన్ని వందల ఏళ్ల తర్వాత దేవాదుల ఇంజనీర్లు గోదావరి నీళ్లను మధ్యలో దించుకోవడానికి వెతికితే వాళ్లకు దొరికింది ఆ రామప్ప చెరువే.

కట్ట, తూము కట్టడం ఒక ఎత్తయితే, వాటిని నడిపించడం ఇంకో ఎత్తు. అందుకు ఊరికొక నీరటి ఉండేవాడు. ఎండయినా వానయినా పొద్దున లేస్తే కట్ట మీదే. తూములో దిగి నీళ్లు వదిలేదీ ఆయనే, మూసేదీ ఆయనే. ఏ మడికి ఎన్ని గడియలు పారాలో, ఎవరి మడి ఎవరి తర్వాతో ఆయన నోటి లెక్క. కోతలయ్యాక కల్లం మీద వడ్లు కొలిచి ఆయన వాటా ఇచ్చేవాళ్లు. కట్ట మీద ఎలుక బొక్క కనిపించినా, చీమల పుట్ట లేచినా ముందుగా తెలిసేది ఆయనకే.

వానలు వెనకపట్టాక తైబందీ జరిగేది. ఊరి పెద్దలు, రైతులు చెరువు దగ్గర చేరి నీళ్లు ఎంత ఉన్నాయో చూసి, ఈ యాసంగికి ఎన్ని ఎకరాలు పారించగలమో తేల్చేవారు. సగమే పారుతుందనుకుంటే సగమే. ఆ సగంలో కూడా అందరికీ తలాకొంత వచ్చేటట్టు మడులు సర్దుకునేవారు. ముందు నీళ్లు కొలిచి, ఆ తర్వాతే నారు పోసేవారు. ఇప్పుడు వరుస తలకిందులైంది. నారు ముందు పోస్తాం, నీళ్ల కోసం ధర్నా తర్వాత చేస్తాం.

ఆ పాత రోజులు బంగారమని చెప్పడం లేదు. తైబందీలో మాట చెల్లేది దొరకు, దేశ్‌ముఖ్‌కు. తూము పక్కన మంచి మడి వాళ్లదే. నీరటి పని చేసే కుటుంబం తరతరాలుగా ఆ వాటా వడ్ల మీద ఆధారపడి బతికింది. ఆ పెత్తనం పోవడం మంచిదే. పెత్తనంతో పాటు లెక్క కూడా పోయింది, అదే మనకు తగిలిన దెబ్బ.

పోవడానికి కారణాలు ఒక్క రోజులో రాలేదు. బోరు వచ్చింది. ఎవరి చేను కింద నీళ్లు వాళ్లవే అన్న ధైర్యం వచ్చింది. చెరువుతో పని తగ్గేసరికి పూడిక తీసే చేతులు తగ్గాయి, శిఖంలోకి నాగళ్లు వచ్చాయి, ఊరు పెరిగిన చోట ప్లాట్ల రాళ్లు వచ్చాయి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. రాత్రిపూట చీకట్లో మోటారు వేయబోయి షాక్ కొట్టి చనిపోయిన రైతుల ఇళ్లను తలుచుకుంటే అది ఎంత పెద్ద ఊరటో తెలుస్తుంది. ఆ ఊరటతోనే భూమి కింది నీళ్లకు మూతా లేకుండా పోయింది. బోర్లకు హద్దులు పెట్టే వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. పక్కచేను వాడు రెండొందల అడుగులు వేస్తే మనం మూడొందలు వేయడం మాత్రం ఆగలేదు.

2015 మార్చి 12న మొదలైన మిషన్ కాకతీయ 46,531 చెరువులను బాగుచేయాలని లెక్క కట్టింది. ట్రాక్టర్లు నిండా పూడిక మట్టి చేలకు చేరింది, కట్టలు బలపడ్డాయి, చాలా ఊళ్లలో బతుకమ్మ మళ్లీ నిండు నీళ్లలో తేలింది. చెరువు తిరిగొచ్చింది కానీ దాన్ని చూసుకునే మనిషి రాలేదు. నీరటి, మస్కూరి, లష్కర్ వంటి పాత పనుల వారసులుగా మిగిలిన గ్రామ రెవెన్యూ సహాయకులను 2023లో ఆ వ్యవస్థ రద్దు చేసి వేర్వేరు శాఖల్లో సర్దారు. వాళ్ల బతుకులకు అది స్థిరత్వం ఇచ్చింది. చాలా కట్టల మీద చోటు మాత్రం ఖాళీగానే ఉంది.

> చెరువు భాష
>
> మత్తడి: చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే రాతి కట్టడం. కోస్తాలో అలుగు అంటారు.
>
> తూము: కట్ట కింది నుంచి పొలాలకు నీళ్లు వదిలే దారి.
>
> శిఖం: చెరువు నిండితే మునిగే నేల. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకునేవారు.
>
> తైబందీ: ఉన్న నీళ్లను బట్టి సాగు విస్తీర్ణాన్ని తేల్చే ఏర్పాటు.
>
> నీరటి: నీళ్లు పారించే గ్రామ సేవకుడు.
>
> శివారు: కాలువ చివరి భూములు. ఇది డెల్టా మాట, అక్కడి రైతు నోట రోజూ నలిగే మాట.

దివిసీమలో ఇంకో చెరువు

ఇప్పుడు వాగు వెంట కిందికి దిగుదాం. పులిగడ్డ దగ్గర కృష్ణా చీలుతుంది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు దాటాక నేలకూ సముద్రానికీ తేడా చెప్పడం కష్టం. ఎదురుమొండి దీవులకు పోవాలంటే పంటు ఎక్కాలి. చుట్టూ నీళ్లే, ఇంట్లోకి మాత్రం నీళ్ల క్యాన్ కొనుక్కోవాలి. నేలలో బోరు దింపితే ఉప్పు. అందుకే ఇక్కడ ఊరూరా మంచినీళ్ల చెరువు ఉంటుంది. ఎండాకాలంలో కాలువలకు తాగునీళ్లు వదిలినప్పుడు దాన్ని నింపుకోవాలి. ఆ నాలుగు రోజుల్లో నీళ్లు శివారు దాకా చేరకపోతే, వానలు పడేదాకా బిందెలు, ట్యాంకర్లే.

చెరువు అన్న మాట ఇక్కడ ఇంకో అర్థంలోనూ వినిపిస్తుంది. చెరువంటే ఆకేరు ఒడ్డున వరికి ప్రాణం. దివిసీమలో చెరువు వేశాడంటే రొయ్యలు వేశాడని. వరి గిట్టక, దాళ్వాకు నీళ్లు రాక విసిగిన రైతు పొలాన్ని తవ్వి రొయ్యల చెరువు చేస్తే అతన్ని తప్పుపట్టలేం. పక్క పొలంవాడు మాత్రం నారు మడిలో తెల్లగా పేరిన చౌడు చూసి తల పట్టుకుంటాడు. కొన్నాళ్లకు అతనూ పొలం తవ్వుతాడు.

ఉప్పు వచ్చే దారి ఇంకోటి ఉంది, అది మురుగు కాలువ. పొలం నీళ్లు సముద్రంలోకి పోవడానికి తవ్విన దారే, పోటు రోజున సముద్రం పొలంలోకి రావడానికీ దారి. మధ్యలో ఉండాల్సిన తలుపులు తుప్పు పట్టి ఊడిపోతే అడ్డేముంది? కాలువ నిండా గుర్రపుడెక్క పేరుకుంటే వాన నీళ్లు బయటికి పోవు, ఉప్పు నీళ్లు వెనక్కి పోవు. 2011 ఖరీఫ్‌లో పక్కనున్న గోదావరి డెల్టాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి దేశాన్ని ఉలిక్కిపడేలా చేశారు. గిట్టుబాటు ధరతో పాటు వాళ్లు చెప్పిన బాధల్లో ముంపు, పూడిన మురుగు కాలువలు ఉన్నాయి. దానిపై మోహన్ కందా కమిటీ వేశారు. అన్నపూర్ణ అన్న పేరున్న సీమలో రైతు తానుగా నాగలి దించేశాడంటే, కరువు వల్ల కాదు, నీళ్లను బయటికి పంపలేకపోవడం వల్ల కూడా.

పెద్దవాళ్లు ఇప్పటికీ కాలాన్ని ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అని విడదీసి చెబుతారు. 1977 నవంబరు 19న సముద్రం ఊళ్ల మీదికి లేచింది. వేల ప్రాణాలు పోయాయి. నీళ్లు దిగిపోయాక నేలలో ఉప్పు మిగిలింది. వానలు, కాలువ నీళ్లు కడిగితేనే ఆ ఉప్పు పోతుంది. డెల్టాలో మంచినీటికి పంట పండించడంతో పాటు ఉప్పును వెనక్కి నెట్టే పని కూడా ఉందని అక్కడి రైతు పుస్తకం చదివి నేర్చుకోలేదు.

> ఒక్క అడుగుకు నలభై అడుగులు
>
> తీరంలో మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉంటాయి, పాల మీద మీగడలా. మంచినీటి మట్టం సముద్ర మట్టం కన్నా ఒక అడుగు ఎత్తున ఉంటే, దాని కింద సుమారు నలభై అడుగుల లోతు దాకా మంచినీరే ఉంటుంది. అందుకే తీరంలో ఒక్క అడుగు ఎక్కువ తోడితే కింద ఉప్పు నలభై అడుగులు పైకి లేవడానికి సిద్ధంగా ఉంటుంది.
>
> బాపట్ల, చీరాల ఇసుక నేలల్లో రైతులు ఇది ఏనాడో కనిపెట్టారు. లోతు బావి తవ్వరు. ఇసుకలో వెడల్పుగా, లోతు తక్కువగా గుంట తీస్తారు. దాన్ని దొరువు అంటారు. పైన తేలే తియ్యటి నీళ్లే అందులో ఊరతాయి. కడవలతో తోడి కూరగాయలకు, పూల మొక్కలకు పోసేవారు. బాపట్ల పరిశోధకులు ఈ దొరువుకే చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, ఎక్కువ నీళ్లు ఊరేలా మెరుగుపరిచారు.

రెండు చివరలా గోదావరి మోటారే

కృష్ణా డెల్టాకు విజయవాడ ఆనకట్ట 1855లో వచ్చింది, ఇప్పటి ప్రకాశం బ్యారేజీ 1957లో. దాని కింద సుమారు 13 లక్షల ఎకరాలు. ఎగువన ఒక్కో డ్యామూ లేచేకొద్దీ కిందికి నీళ్లు ఆలస్యమయ్యాయి. జూన్‌లో పడాల్సిన నారు ఆగస్టుకు జరిగి, కోతలు సరిగ్గా తుపాన్ల నెలకు దొరికిపోయాయి. 2015లో పట్టిసీమ వచ్చింది. గోదావరి గట్టున 24 పంపులు, ఏడాదికి 80 టీఎంసీలు తోడాలన్న లక్ష్యం. ఆ నీళ్లు కాలువ వెంట వచ్చి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తాయి.

ఇప్పుడు పటం ఎదురుగా పెట్టుకుని చూడండి. ఎగువన జఫర్‌గఢ్ చెరువుకు గోదావరి మోటారు, దిగువన దివిసీమ కాలువకూ గోదావరి మోటారే. జఫర్‌గఢ్‌లో మత్తడి దుంకిన వాన, పట్టిసీమ నుంచి తోడిన గోదావరి రెండూ ప్రకాశం బ్యారేజీ పైనే కలుసుకుంటాయి. ఎగువ, దిగువ అంటూ ట్రిబ్యునల్ ముందు వాదించుకునే రెండు రాష్ట్రాల రైతులు, ఒకే నది పంపుల వైపు చూస్తూ యాసంగి, సార్వా వెళ్లదీస్తున్నారు. పంపు ఆగితే ఇద్దరికీ గుండె ఆగినట్టే.

పంపులు వద్దనడానికి లేదు. అవి లేకుంటే జనగామ మెట్ట భూముల్లో ఇప్పుడున్న పచ్చదనమూ ఉండేది కాదు. కానీ పంపు నీళ్లు తెస్తుంది గానీ లెక్క తేదు. గోదావరిలో ఎండాకాలం నీళ్లు నిలపడానికి తుపాకులగూడెం దగ్గర దాదాపు 7 టీఎంసీల సమ్మక్క సాగర్ బ్యారేజీ కట్టారు. అక్కడ నిలిపి, సొరంగాల్లో మోసి, రిజర్వాయర్లలో దించి, చివరికి ఊరి చెరువులోకి వదిలాక, ఆ చెరువు తూముకు తలుపు సరిగ్గా పడకపోతే వేల కోట్ల ఆ ప్రయాణమంతా ఓ బుంగలోంచి వాగులోకి జారిపోతుంది.

మట్టిది కూడా ఇదే కథ. ఎగువన చెరువుల్లో, జలాశయాల్లో పూడిక పేరుకుపోయి నీళ్లకు చోటు లేదు. దిగువన డెల్టాకు కొత్త ఒండ్రు చేరక తీరం కోసుకుపోతోంది. కింద నేల కావాల్సిన మట్టి పైన నీళ్ల చోటును తినేస్తోంది.

వరద రోజున గొలుసు గుర్తొస్తుంది

మామూలు రోజుల్లో మరిచిపోయిన చుట్టరికం వరద రోజున గుమ్మంలోకి వస్తుంది. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో జనం ఇళ్ల కప్పుల మీదికి, చెట్ల మీదికి ఎక్కితే హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది.

ఏడాది తర్వాత, 2024 సెప్టెంబరు 1న, ఆకేరు పురుషోత్తమాయగూడెం వంతెన మీదుగా పొర్లింది. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. అదే రోజు ఖమ్మంలో మున్నేరు కాలనీల మీద పడింది. ఆ వెంటనే ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి పాత రికార్డులన్నీ చెరిపేసింది. కృష్ణా పైనుంచి వచ్చిన వరదకు మున్నేరు వాటా తోడైంది. లంక గ్రామాలు మునిగాయి. జఫర్‌గఢ్ దిక్కున మత్తడి మీద నురగ కట్టిన నీళ్లు రాష్ట్రం దాటి, ఎవరి అరటితోటలోకో చేరాయి.

గొలుసుకట్టు చెరువుల్లో పై కట్ట తెగితే దాని బరువంతా కింది కట్ట మీద పడుతుంది. అదీ తెగితే ఇంకా కిందిదాని మీద. పైనున్న చెరువు నిండబోతోందని ఆరు గంటల ముందు తెలిస్తే కింది ఊరివాళ్లు తూము ఎత్తి కొంత ఖాళీ చేసుకుంటారు, గొడ్లను విప్పుకుంటారు, వడ్ల కుప్పలు లేపుకుంటారు. ఆ కబురు చెప్పే మనిషి నీరటి. ఇప్పుడు కబురు వాట్సాప్ వీడియోగా వస్తోంది, కట్ట తెగిన తర్వాత.

> డచ్చివాళ్ల తైబందీ
>
> నెదర్లాండ్స్‌లో చాలా నేల సముద్ర మట్టం కన్నా కిందే ఉంటుంది. అక్కడ 13వ శతాబ్దం నుంచీ నీటి మండళ్లు ఉన్నాయి. ఇప్పుడు 21. వాటికి విడిగా ఎన్నికలు జరుగుతాయి, సొంత పన్ను ఉంటుంది. కట్టలు, కాలువలు, మురుగు వాటి పని. ప్రభుత్వాలు మారినా మండలి పని ఆగదు.
>
> 1993, 1995 వరదల తర్వాత వాళ్లు ఒక పాఠం నేర్చుకున్నారు. కట్టలు పెంచుకుంటూ పోవడం ఒక్కటే దారి కాదని, కొన్ని చోట్ల వాటిని వెనక్కి జరిపారు, నదికి చోటు ఇచ్చారు. మనకు ఆ చోటు పేరు ముందే తెలుసు. శిఖం అంటాం.

రేపటి లెక్క ఎట్లా ఉండాలి?

రేపటి ప్రణాళిక అనగానే మన కళ్ల ముందు కొత్త ప్రాజెక్టు శిలాఫలకం కనిపిస్తుంది. ప్రకాశం బ్యారేజీ దిగువన ఉప్పును ఆపడానికి మరిన్ని బ్యారేజీలు కట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా నలుగుతోంది. ఇక్కడ ఉప్పుగల్లు, పాలకుర్తి రిజర్వాయర్ల మాట. అవి కావాల్సినవే. కానీ శిలాఫలకం వేయనక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. ఈ పనులు జరగకపోతే ఆ ప్రాజెక్టులూ పారవు.

మొదటిది, కట్ట మీద మనిషి. కులం కొద్దీ వచ్చే నీరటి వద్దు. నెలకు జీతం, చేతిలో ఫోను, నేర్చుకున్న విద్య ఉన్న నీటి కార్యకర్త కావాలి. ఆయన దగ్గరికి పైచెరువు లెక్క రావాలి, ఆయన లెక్క కింది చెరువుకు పోవాలి. డెల్టాలో మురుగు కాలువ తలుపు దగ్గర లష్కర్‌కూ ఇదే పని.

రెండోది, తైబందీని తిరిగి తేవడం, ఈసారి దొర లేకుండా. వానలు వెనకపట్టాక గ్రామసభలో చెరువు మట్టం, బోర్ల మట్టం, కాలువ కింద రానున్న నీళ్లు ఒకే పలక మీద రాయాలి. ఎన్ని ఎకరాల వరి, ఎన్ని ఎకరాల మక్క, పెసర అన్నది నారు పోయకముందే తేలాలి. వరి వేయని రైతుకు ధర భరోసా లేకుంటే ఈ మాట కాగితం మీదే ఉంటుంది. వరికి ఉన్నట్టే పప్పులకూ కాంటా ఊళ్లోకి రావాలి. ఆడవాళ్లు ఆ సభలో ఉండాలి, ఎండాకాలం బిందె మోసేది వాళ్లు కాబట్టి. సాగునీటి సంఘాల చట్టం 1997 నుంచీ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో ఆ సంఘాలకు ఎన్నికలు జరిగాయి. తెలంగాణలో ఏళ్లుగా ఎన్నికల ఊసు లేదు.

మూడోది, శిఖం. చెరువు నిండితే ఎక్కడి దాకా వస్తుందో అక్కడ రాయి పాతాలి. ఆ రాయి లోపల పట్టా పుట్టకూడదు. వరద పోవడానికి చోటు లేకపోతే అది తన చోటు తానే వెతుక్కుంటుంది, మన పడకగదిలో.

నాలుగోది, సముద్రానికి వాటా. నీళ్లు సముద్రం పాలయ్యాయన్న మాట మనకు తిట్టుతో సమానం. కానీ ఏడాది పొడుగునా కొంత మంచినీరు నది మొగ దాకా పోకపోతే ఉప్పు ఎగదన్నుతుంది, మడ అడవులు సన్నబడతాయి, చేపల పుట్టుక దెబ్బతింటుంది. వరద రోజున లక్షల క్యూసెక్కులు పోయి, మిగతా రోజుల్లో చుక్క లేకపోతే అది వాటా కాదు, వెళ్లగొట్టడం. ఎగువన ప్రతి కుంటా కొంచెం నిలుపుకుని, నేలలో ఇంకించి, నెమ్మదిగా వదిలితే వాగు సంక్రాంతి దాటినా పారుతుంది. ఎగువ రైతు తన కోసం నిలిపిన నీళ్లే దిగువవాడికి ఊటగా చేరతాయి. ఇద్దరి మేలూ కలిసే చోటు అది ఒక్కటే.

రాతి మీద గాట్లు

పాత చెరువు తూము దగ్గర రాళ్లు చూడండి. మెట్లలా ఉంటాయి. నీళ్లు ఏ రాయి దాకా ఉన్నాయో చూసి, ఈ నెల ఎట్లా గడుస్తుందో పెద్దవాళ్లు చెప్పేసేవారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కూడా గోడ మీద అడుగుల అంకెలు రాసి ఉంటాయి. ఆ అంకె బట్టి లంకవాళ్లు మూట సర్దుకుంటారు.

తువ్వాల చుట్టుకున్న పెద్దమనిషి ఆ పొద్దున టార్పాలిన్‌తో కొట్లాడుతున్నప్పుడు, ఆయన వెనకాలే ఉన్న తూము రాయి మీద నీళ్లు ఎంత దూరం ఎక్కాయో ఎవరూ చూడలేదు. చూసి ఉంటే, పైచెరువు కబురు అంతకు ముందు రాత్రే వచ్చి ఉంటే, ఆ వడ్లు ఏ బడి వరండాలోనో ఉండేవి. ఆ కబురు అక్కడ ఆగకుండా ఆకేరు వెంట తీర్థాలకు, తీర్థాల నుంచి ఖమ్మానికి, ఖమ్మం నుంచి లంకలకు పోయి ఉంటే, ఇంకెన్నో గొడ్లను తాళ్లు విప్పి గట్టెక్కించేవాళ్లు.

రెండు రోజులకు వాన తెరిపిచ్చింది. మత్తడి చప్పుడు తగ్గింది. ఆయన, ఆమె తడిసిన వడ్లను మళ్లీ రోడ్డు మీద పలచగా నెరుపుతున్నారు. తూము రాయి మీద నీళ్లు ఒక మెట్టు దిగాయి. యాసంగి నారు పోసే కాలం దగ్గరపడింది. ఆ మెట్టు ఎవరో ఒకరు రాసి పెట్టుకోవాల్సింది ఇప్పుడే.